యాభై కిలోమీటర్లు ఎవరి కాళ్ళతో కొలిచినారు?

 

పోస్టు పొడుగ్గానే ఉంటాది. ఓపిక చేసుకొని చదవండి. హాస్టల్లో అన్నం గంట కొట్టేలోపు అయిపోతుంది.

పోయిన ఎండాకాలం మా జతగాడు ఒకడికి పాస్‌పోర్టు పని పడింది. వానిది నల్లమల అంచున ఉండే చెంచు గూడెం. డిగ్రీ పాసైనాడు. విదేశాల్లో చదువుకోను గిరిజన పిల్లలకు స్కాలర్‌షిప్పు ఉందని మేమే వాని చెవిన వేసినాం. ఊరకనే చెప్పడం కాదు, వానితో పాటు మేమూ తిరిగినాం. కాబట్టి ఇక్కడ రాసేది విన్నమాట కాదు, మేం చెమట కార్చిన మాట.

అపాయింట్‌మెంటు పొద్దున తొమ్మిదీ ముక్కాలుకు దొరికింది. గూడెం నుంచి మండలానికి ఆటో దొరికేదే ఏడు గంటలకు. మండలం నుంచి జిల్లా కేంద్రానికి బస్సు రెండున్నర గంటలు. ఎట్ల లెక్క వేసినా అందదు. అందుకని ముందురోజు సాయంత్రమే వచ్చి, మా రూములో, వార్డెన్‌కు తెలియకుండా చాప మీద పడుకున్నాడు. పొద్దున్నే పోయినాం. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. స్కూలు టీసీలో జూన్ నెల. మన గూడేల్లో, తండాల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టినారు కదా! ఆధార్ రాసుకొనేటప్పుడు "ఎప్పుడు పుట్టినావమ్మా" అంటే "వానలు బాగా పడిన ఏడు" అని అమ్మ చెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాయప్పకు వానల ఏడు ఎక్కించే గడి లేదు, 1-1 కొట్టేసినాడు. సరిచేసుకొని రమ్మన్నారు. రెండోసారి ఘాట్ మీద లారీ అడ్డం పడి పదీ నలభైకి చేరినాం. టైము దాటిందన్నారు. మూడోసారి పని అయింది.

ఏ ఊరి కేంద్రమో రాయడం లేదు. అక్కడ కూర్చున్న ఉద్యోగిని తిట్టడానికి ఈ పోస్టు కాదు. ఆయప్ప ఆయప్ప రూలు ప్రకారమే చేసినాడు, ఒకసారి మంచినీళ్ళు కూడా ఇప్పించినాడు. మా గొడవ ఆ కుర్చీలో ఉన్న మనిషితో కాదు. ఆ కుర్చీని ఎక్కడ వేయాలో తేల్చినోళ్ళతో.

లెక్క చూడండి. పాస్‌పోర్టు మామూలు ఫీజు 1500 రూపాయలు. మూడు తడవల ఆటో, బస్సు కలిపి 1020. తిండికి, టీకి 450. నెట్ సెంటర్లో ఫారం నింపినందుకు, జిరాక్సులకు 400. తడవకు రెండు రోజుల చొప్పున ఆరు రోజులు పోయింది, రోజుకు 350 కూలీ వేసుకుంటే 2100. మొత్తం 3970. ఫీజు కంటే దారి రెండున్నర రెట్లు ఎక్కువ తిన్నది. ప్రభుత్వం తీసుకునేది ఎంతో వెబ్‌సైట్లో కనిపిస్తుంది. దారి తీసుకునేది ఎక్కడా రాసి ఉండదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాం.

2017 జనవరిలో విదేశాంగ శాఖ, పోస్టల్ శాఖ కలిసి పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పెడతామని చెప్పినాయి. మైసూరు, గుజరాత్‌లోని దాహోద్‌లో మొదలుపెట్టినారు. ఆ ఏడే, అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు దేశంలో ఎవరూ పాస్‌పోర్టు కోసం 50 కిలోమీటర్లకు మించి పోకూడదు, అదే మా లక్ష్యం అన్నారు. మంచి మాట. ఆ మాట వల్లనే మన కర్నూలు, కడప హెడ్ పోస్టాఫీసుల్లోకి కేంద్రాలొచ్చినాయి. అంతకుముందు సీమ మనిషి తిరుపతికో హైదరాబాదుకో పోవాల్సిందే. మన పెద్దోళ్ళను అడగండి, పాస్‌పోర్టు కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోయి ఫుట్‌పాత్ మీద తెల్లవార్చిన కథలు చెప్తారు. ఆ మేలును కాదనం. కాదంటే కళ్ళు పోతాయి.

కానీ ఆ 50 ఎట్ల కొలిచినారు? మ్యాపు మీద జిల్లా కేంద్రంలో ముల్లు గుచ్చి చుట్టూ గుండ్రంగా గీత గీసినట్టుంది. మన నల్లమలలో గీత ఒక దిక్కు పోతుంది, రోడ్డు ఇంకో దిక్కు పోతుంది. శ్రీశైలం నుంచి కర్నూలుకు కాకి ఎగిరినట్టు పోతే తొంభై చిల్లర కిలోమీటర్లు. రోడ్డు మీద దోర్నాల దిగి, ఆత్మకూరు మీదుగా పోతే దాదాపు 180. శ్రీశైలం నుంచి ఆత్మకూరుకే చూడండి, గీత మీద నలభై కూడా ఉండదు, రోడ్డు మీద వంద దాటుతుంది. కాకికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అక్కరున్న మనిషికి రెక్కలు లేవు.

దానికి తోడు పులుల అభయారణ్యం. శ్రీశైలం ఘాట్‌లో రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే పొద్దున ఆరుకు గాని తీయరు. పులి బతకాల, అందులో మాకు రెండో మాట లేదు, ఆ అడవిని వేల ఏండ్లు కాపాడినోళ్ళు మా వాళ్ళే. కాని లెక్క చూడండి. ఆరుకు గేటు తీస్తే, 180 కిలోమీటర్లు ఘాట్ బస్సులో అయిదు గంటలు పట్టినా పదకొండు అవుతుంది. అంటే సుండిపెంట పక్క గూడేల పిల్లోనికి పదకొండు లోపల ఏ స్లాటు దొరికినా అది వానికి దొరకనట్టే. ఆన్‌లైన్లో మాత్రం "స్లాట్లు ఖాళీగా ఉన్నాయి" అని పచ్చరంగులో చూపిస్తుంది. ఖాళీ అనేది ఎవరికి ఖాళీ?

రెండో కొలత ఇంకోటి వచ్చింది. ప్రతి లోక్‌సభ నియోజకవర్గానికి ఒక కేంద్రం. వినడానికి బాగుంది. ఎంపీ గారు రిబ్బన్ కత్తిరించడానికి ఇంకా బాగుంటుంది. కాని రాజంపేట నియోజకవర్గం సంగతి చూడండి. ఒక కొస రైల్వే కోడూరు, ఇంకో కొస పుంగనూరు. నడిమధ్యలో శేషాచలం కొండలు. ఒక కేంద్రాన్ని ఈ కొసలో పెడితే ఆ కొసకు ఏం ఒరిగింది? కాగితం మీద మాత్రం "రాజంపేటకు ఇచ్చేసినాం" అని టిక్కు. కర్నూలు నియోజకవర్గంలో ఆదోని, ఆలూరు, మంత్రాలయం ఉన్నాయి. ఆదోని నుంచి కర్నూలుకు వంద కిలోమీటర్ల దాకా ఉంది. హొళగుంద, హాలహర్వి దిక్కు పోతే ఇంకా ఎక్కువ. ఆ పక్క నుంచి సుగ్గికి, కూలికి బెంగళూరు, గుంటూరు పోయే జనానికి కర్నూలు టౌను కంటే బళ్ళారే దగ్గర. ఓట్ల కోసం గీసిన గీతలు బస్సు రూట్లు కావు అనేది చిన్నపిల్లోనికి కూడా తెలుసు.

మాకు ఎంత దూరం అనే ప్రశ్నే తప్పనిపిస్తుంది. పొద్దున ఇంట్లో సద్ది తిని బయల్దేరి, పని చూసుకొని, పొద్దు గుంకేలోపు మళ్ళా ఇంటికి చేరొచ్చా? ఇదొక్కటే సరైన కొలత. రాత్రి ఎవరింట్లోనో, బస్టాండు బెంచీ మీదో పడుకోవాల్సి వస్తే అది అందుబాటు కాదు. మగపిల్లోడు బెంచీ మీద పడుకుంటాడు. మా చెల్లెలు ఎక్కడ పడుకుంటుంది? 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడోళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది, సంతోషమే. చానా తండాలకు ఆ ఉచిత బస్సే రాదు, ఆటోకు డబ్బులు కట్టాల్సిందే. ఒకవేళ బస్సు వచ్చినా రాత్రి బస అయితే ఉచితం కాదు కదా.

ఇంకో సంగతి ఈ కొలతల వాళ్ళకు ఎప్పటికీ తట్టదు. టౌనులో పుట్టి, ఆస్పత్రిలో బర్త్ సర్టిఫికెట్ తీసుకొని, ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లోడు కేంద్రానికి ఒక్కసారి పోతాడు. అన్ని కాగితాల్లో ఒకటే పేరు, ఒకటే తేదీ. మనకు ఆధార్‌లో "ఆర్ లక్ష్మీబాయి", టీసీలో "రమావత్ లక్ష్మి బాయి", బ్యాంకు పుస్తకంలో "లక్ష్మీ భాయ్". నాయక్ ఒక కాగితంలో ఇంటిపేరు, ఇంకో కాగితంలో సొంత పేరు. చెంచు పిల్లోనికైతే కాగితమే ఉండదు. మనం సగటున ఒక్కసారితో గట్టెక్కేవాళ్ళం కాదు. రెండుసార్లు, మూడుసార్లు పోయేవాళ్ళం. అంటే 70 కిలోమీటర్ల దూరం రానూపోనూ మూడుసార్లకు 420 కిలోమీటర్లు. కాగితాలు సరిగ్గా ఉన్నోనికి ఆఫీసు దగ్గర, కాగితాలు సరిగ్గా లేనోనికి ఆఫీసు దూరం. తిరగేసి ఉండాల్సింది!

ఆ పైన పోలీసు విచారణ. కానిస్టేబులు వచ్చే రోజుకు ఇంటికి తాళం. ఎందుకంటే ఇంటిల్లిపాదీ మిరపకాయలు కోయను గుంటూరు దిక్కు పోయినారు. మనిషి లేడని రాసేస్తాడు. ఫైలు ఆగుతుంది. ఆగితే ఎక్కడికి పోవాల? మనది విజయవాడ ప్రాంతీయ కార్యాలయం. కడప నుంచైనా కర్నూలు నుంచైనా రాత్రంతా ప్రయాణం.

ఇక్కడ ఎవరో ఒకరు అంటారు, మాకు తెలుసు, ఎందుకంటే మా సొంత మనుషులే అన్నారు: "తిండికి, నీళ్ళకు, పట్టాలకు దిక్కు లేదు, గూడేనికి పాస్‌పోర్టు ఎందుకురా?" ఈ ప్రశ్నకు మాకు కోపం వస్తుంది, సిగ్గూ వస్తుంది. కోపం ఎందుకంటే ఇదే ప్రశ్న కర్నూలు టౌనులో ఎవరినీ అడగరు. సిగ్గు ఎందుకంటే మనలో సగం మంది లోపల అదే అనుకుంటాన్నాం.

కడప జిల్లా సంగతి తీసుకోండి. రాయచోటి, రాజంపేట, కోడూరు దిక్కు నుంచి కువైట్‌కు పోయినోళ్ళు లేని పల్లె ఉందా? మన తండాల నుంచీ పోయినారు. వంటపనికి, పిల్లల్ని చూసుకునే పనికి పోయిన అక్కలున్నారు. వాళ్ళు పంపిన డబ్బుతోనే కొన్ని ఇళ్ళకు స్లాబు పడింది, కొందరు చెల్లెళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివినారు. వాళ్ళలో చానామందికి పాస్‌పోర్టు ఎవరు తీయించినారు? ఏజెంటు. ఎందుకు? ఫారం నింపడం తెలియక, టౌనులో దారి తెలియక, మూడుసార్లు తిరగలేక. ఏజెంటు జీపులో ఎక్కించుకొని పోతాడు, లైన్లో నిలబెడతాడు, సాయంత్రానికి దింపుతాడు. ఆ జీపు ఖర్చు ఎన్ని రెట్లు అప్పు కింద రాసుకుంటాడో మీకు తెలుసు. పుస్తకం ఇంటికొచ్చిన రోజే "నా దగ్గర జాగ్రత్తగా ఉంటాది" అని తీసి పెట్టుకుంటాడు. ఆఫీసు ఎంత దూరముంటే ఏజెంటు అంత బలిసినాడని అర్థం. దూరమే వాని పెట్టుబడి.

పదో తరగతి పాస్ కాని మనిషి పాస్‌పోర్టుకు ఇసిఆర్ అని గుర్తు పడుతుంది. అంటే కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్, మలేసియా లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు వలస శాఖ అనుమతి తీసుకోవాల. ముప్పై ఏండ్లు నిండని ఆడమనిషికి ఇంటిపనికి ఆ అనుమతే ఇవ్వరు. ఇవన్నీ మనిషిని కాపాడడానికి పెట్టిన రూల్సు. మనిషే స్వయంగా ప్రభుత్వ కిటికీ ముందుకొచ్చి నిలబడితే అక్కడ ఎవరో ఒకరు ఈ మాటలు చెప్పొచ్చు. కిటికీయే అందకపోతే చెప్పేది ఏజెంటే. వాడు ఏం చెప్తాడు? "విజిట్ వీసా మీద పోదాం అక్కా, ఏం కాదు" అంటాడు.

చదువుకునే పిల్లల సంగతికొస్తాం. కేంద్ర గిరిజన శాఖ విదేశీ విద్య స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 20. అందులో 3 ఆదిమ తెగలకు, అంటే మన చెంచులాంటి వాళ్ళకు. దేశమంతా కలిపి మూడు. చాలా తక్కువ, దాని మీద ఇంకో రోజు కొట్లాడదాం. ఉన్న మూడింటికి పోటీ పడాలన్నా చేతిలో పాస్‌పోర్టు లేని పిల్లోడు వీసా దాకా పోనే పోలేడు. అంబేద్కర్ పేరు మీద, ఎన్టీఆర్ పేరు మీద, జగన్ పేరు మీద రాష్ట్రంలో విదేశీ చదువుల పథకాలు వచ్చినాయి, పోయినాయి, పేర్లు మారినాయి. పోస్టర్లు గూడెం దాకా వచ్చినాయి. పాస్‌పోర్టు ఆఫీసు రాలేదు.

ఇప్పుడు చరిత్ర కొంచెం. ఎరుకల అన్నలు, సుగాలి అన్నలు ఇది ఇంట్లో వినే ఉంటారు. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినారు, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ దాన్ని తగిలించినారు. మన కర్నూలు, కడప అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ చట్టం కింద పేరు ఎక్కిన మనిషి ఊరి పొలిమేర దాటాలంటే చీటీ కావాల. ఏ ఊరు పోతాండావు, ఎన్ని రోజులు, అక్కడ ఎవరి ముందు హాజరు అవుతావు, అన్నీ చీటీ మీద రాయించుకోవాల. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో ఎరుకలోళ్ళను పెట్టి కాపలా కాసినారు. 1952లో ఆ చట్టం పోయింది. అంటే మన జేజినాయనలు పక్క ఊరికి పోను కూడా పాసు అడుక్కున్నోళ్ళు. ఆ మనుషుల మనవళ్ళు దేశం దాటే పుస్తకం కోసం ప్రభుత్వం ముందు నిలబడినారంటే, ఆ లైనులో పొద్దున్నే టీ తాగి కారులో వచ్చినాయన పక్కనే నిలబడినారంటే, అది చిన్న విషయమా? "నీకెందుకురా పాస్‌పోర్టు" అనేవాళ్ళకు ఇదే మా జవాబు.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం లాక్కుంటే ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. విదేశాలకు పోయే హక్కు ఆర్టికల్ 21 కింద వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, దాన్ని ఆపాలంటే న్యాయమైన పద్ధతి ఉండాలని 1978లో కోర్టు చెప్పింది. ఆమె చేతిలో నుంచి పుస్తకం తీసుకున్నారు కాబట్టి కేసు అయింది. మన చేతికి పుస్తకమే రానీయని దూరం మీద కేసు ఎవరు వేస్తారు?

ఇంకొక చేదు మాట చెప్పాల. ఇది మన సీమ పెద్దలకు. శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16న అయింది. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అది పోయింది. హైకోర్టు కర్నూలుకు అన్నారు, అదీ రాలేదు. ఆఫీసులన్నీ కోస్తాకే పోతాన్నాయని సీమ పెద్దలు మాట్లాడితే మేమూ చప్పట్లు కొడతాం. నిజం కాబట్టి. కాని అయ్యలారా, విజయవాడ కర్నూలుకు చేసిన పనే కర్నూలు నల్లమలకు చేస్తాంది. కడప టౌను పోరుమామిళ్ళకు, రాయచోటి పక్క తండాలకు చేస్తాంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీల్చినారు. ఏ ఊరు జిల్లా కేంద్రం కావాలని ధర్నాలు, రాస్తారోకోలు, దుకాణాల బందులు. మేమూ జెండా పట్టుకున్నాం. ఆ గొడవలో మా గూడేనికి ఏ ఊరు దగ్గర అని ఒక్కరైనా అడిగినారా? కర్నూలుకు ఆఫీసు వస్తే సీమకు వచ్చినట్టే అని మమ్మల్ని నమ్మమంటారు. టౌనుకు వచ్చింది. సీమ అంటే టౌను ఒక్కటే కాదు.

మరి ఎక్కడ పెట్టాల? దీని మీద మా మాట మేం చెప్తాం, తప్పయితే మీరు దిద్దండి.

మా మొదటి డిమాండు ఆత్మకూరు. ఎందుకంటే నల్లమల నుంచి దిగే దారులన్నీ అక్కడ కలుస్తాయి. బైర్లూటి, నాగలూటి గూడేల మనుషులు ఉప్పుకైనా ఆస్పత్రికైనా అక్కడికే వస్తారు. దోర్నాల దిక్కు నుంచి వచ్చే బస్సు ఆగేది అక్కడే, వెలుగోడు, నందికొట్కూరు పక్కనోళ్ళకూ దగ్గర. పొద్దు గుంకేలోపు ఇల్లు చేరే కొలత పెడితే ఆత్మకూరు గెలుస్తుంది. జనాభా కొలత పెడితే ఓడిపోతుంది. ఇన్నేండ్లు ఏ కొలత పెట్టినారో చెప్పనక్కర్లేదు. పడమటి పక్క ఆదోని. కడప పక్క బద్వేలు, పోరుమామిళ్ళ మనుషులకు అందే చోటు ఒకటి. రాయచోటి సంగతి కువైట్ విమానమెక్కిన ప్రతి ఇల్లూ చెప్తుంది.

ఊరు తేలితే సరిపోదు, ఊర్లో ఎక్కడ అనేది కూడా అంతే ముఖ్యం. ఈ మధ్య కొత్త ఆఫీసులన్నీ ఊరు బయట, బైపాస్ పక్కన, స్థలం చవగ్గా దొరికే చోట కడతాన్నారు. కారున్నోనికి పార్కింగు బాగుంటుంది. బస్సు దిగినోడు ఆటోకు ఇంకో యాభై కట్టాల. పోస్టాఫీసులో పెట్టడంలో ఉన్న మేలే ఇది, పాత పోస్టాఫీసులు ఊరి నడిమధ్య, బస్టాండుకు నడిచిపోయే దూరంలో ఉంటాయి. ఆ మేలును మేడమెట్ల మీదకు ఎక్కించి పాడు చేయొద్దు. కింది అంతస్తులో పెట్టండి. ముసలోళ్ళు, కాళ్ళు లేనోళ్ళు, చంకన బిడ్డ ఉన్న తల్లులు వస్తారు. చంటిబిడ్డకు పాస్‌పోర్టు కావాలన్నా బిడ్డను తీసుకొనే రావాల కదా.

"మీ గూడేల నుంచి దరఖాస్తులు ఎన్ని వస్తాయి? పదీ ఇరవై కోసం కేంద్రం పెడతారా?" అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగినాడు. వంతెన లేని వాగు దగ్గర నిలబడి, ఇక్కడ ఎవరూ దాటడం లేదు కదా వంతెన ఎందుకు అన్నట్టుంది. ఈ మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

"అంతా ఆన్‌లైన్ కదా" అనేవాళ్ళున్నారు. ఆన్‌లైన్ అయింది ఫారం, ఫీజు. ఫోటో, పది వేళ్ళ ముద్రలు, అసలు కాగితాలు చూపించడం, ఇవన్నీ మనిషి పోతేనే. 2018 నుంచి దేశంలో ఏ కేంద్రంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. అది కారున్నోనికి మేలయింది. కర్నూల్లో స్లాటు లేకపోతే మనం బెంగళూరు పోతామా? ఇంకో ఊరోడు వచ్చి మన కర్నూల్లో స్లాటు పట్టుకుంటాడు.

"మొబైల్ వ్యాన్లు వచ్చినాయి" అనే మాటకు మాత్రం మేం చెవి ఒగ్గుతాం. పాస్‌పోర్టు శాఖ కొన్ని చోట్ల వ్యాన్లు తిప్పుతాంది. మంచిదే. కాని అది ఏ కాలేజీ గ్రౌండులోనో ఒకరోజు నిలబడి, పేపర్లో ఫోటో పడి, వెళ్ళిపోతే మనకు దక్కేదేమీ లేదు. నెలకు ఒకసారి, ముందే చెప్పిన తేదీకి, సంత జరిగే రోజున రావాల. శ్రీశైలం ఐటీడీఏ ఆఫీసు ముందు ఒకరోజు, రాయచోటి పక్క ఏదో ఒక తండా కూడలిలో ఒకరోజు. ఐటీడీఏ పెట్టిందే చెంచుల కోసం. ఆ ఆఫీసు వాళ్ళు వ్యాన్ వచ్చే వారం ముందు గూడేలు తిరిగి, ఆధార్, టీసీ, పేర్లు, తేదీలు సరిచూసి పెడితే మూడు తడవలు ఒక తడవ అవుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. రెండు శాఖలు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాల, అంతే. అదే కష్టమని మాకూ తెలుసు.

యంత్రం అడవిలోకి రాదని చెప్పొద్దు. నెల నెలా పింఛను ఇచ్చే మనిషి మా జేజి గుడిసె ముందు కూర్చొని వేలిముద్ర తీసుకుంటాడు. పోస్ట్‌మ్యాన్ సంచిలో యంత్రం పెట్టుకొని బ్యాంకు డబ్బులు ఇచ్చి పోతాడు. రేషన్ బియ్యానికి వేలిముద్ర. ఉపాధి పనికి ఫోటో. మా వేళ్ళు అరిగిపోయేదాకా ముద్రలు తీసుకోను యంత్రాలన్నీ గూడెం ఎక్కి వచ్చినాయి. పాస్‌పోర్టు యంత్రం ఇంతకంటే పెద్దదే, పైన అధికారి చూసి ఓకే చెప్పాల, ఒప్పుకుంటాం. పెద్దదైతే ఆత్మకూరు దాకా తెండి. అక్కడికి మేమే దిగి వస్తాం.

మనల్ని మనమూ అడుక్కోవాల. మన సంఘాలు ఎంపీలకు ఇచ్చే వినతిపత్రాల్లో ఏముంటుంది? కమ్యూనిటీ హాలు, సేవాలాల్ గుడి, విగ్రహం. గుడి వద్దనడం లేదు. కాని ఆ జాబితాలో ఒక్కసారి కూడా పాస్‌పోర్టు కేంద్రం అని మేం రాయలేదు. అడగని దాన్ని ఎవరిస్తారు? అడగను తెలియకపోవడం మన తప్పో కాదో గాని, ఇప్పుడు తెలిసింది.

మా జతగాని సంగతి చెప్పకుండా మధ్యలో వదిలేసినాం. వాని పాస్‌పోర్టు వచ్చింది. స్పీడ్ పోస్టులో, వాని గూడేనికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న బ్రాంచి పోస్టాఫీసుకు. ఆ ఆఫీసులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక పోస్టుమాస్టరు. వాడు నడుచుకుంటా పోయి, సంతకం పెట్టి తెచ్చుకున్నాడు.  అది కూడా పోస్టాఫీసే కదప్పా! ఇవ్వను ఆ పోస్టాఫీసు దాకా రాగలిగినోళ్ళు, తీసుకోను ఎందుకు రాలేరు?

ఇప్పుడు చేయాల్సిన పని. ప్రతి గూడెం, ప్రతి తండా నుంచి ఒకరు లెక్క రాసి పంపండి. మీ ఊరి పేరు, మీ ఊర్లో పొద్దున మొదటి ఆటోనో బస్సో ఎన్నింటికి, కేంద్రానికి ఎన్నింటికి చేరుతారు, రాత్రి ఇంటికి చేరగలరా లేదా, పాస్‌పోర్టు తీసుకున్నోళ్ళు ఎన్నిసార్లు తిరిగినారు, ఎంత ఖర్చయింది. మనుషుల పేర్లు వద్దు, ఆధార్ నంబర్లు అసలే వద్దు. లెక్క చాలు. అందరి లెక్కలు ఒక కాగితం మీదకు ఎక్కించి కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేట ఎంపీలకు, విజయవాడ పాస్‌పోర్టు అధికారికి, శ్రీశైలం ఐటీడీఏ పీఓ గారికి మనమే చేతికిస్తాం. తెలుగులో రాయండి, సుగాలీలో వాయిస్ పెట్టినా సరే, మేం రాసుకుంటాం. సెలవులకు ఊరికి పోతాన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు బస్సు టైములు మాత్రం మరిచిపోకుండా రాసుకొని రాండి. ఆర్టీసీ వెబ్‌సైటులో ఉండే టైములు కాదు, బస్సు నిజంగా వచ్చే టైములు.